మనం, మేము, వాళ్ళు

బోస్నియా హెర్జెగొవీనాలో సిగరెట్ పెట్టె మీద ఆరోగ్య హెచ్చరిక మూడుసార్లు అచ్చవుతుంది. ఒకటి బోస్నియన్ భాషలో, ఒకటి క్రొయేషియన్‌లో, ఒకటి సెర్బియన్‌లో. మొదటి రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే: పుషెన్యె ఉబియా, అంటే పొగ ప్రాణం తీస్తుందని. మూడోదానిలోనూ అవే మాటలు. లిపి ఒక్కటే మారి సిరిలిక్‌లో ఉంటుంది. ఒక వరుస చదివినవాడికి తర్వాతి వరుస చెప్పే కొత్త సంగతి ఏమీ లేదు. అయినా ఏ వరుసనూ తీసేయడానికి వీల్లేదు. తీసేస్తే మిగిలేది రవ్వంత సిరా, రేగేది పెద్ద గొడవ.

బోస్నియా, క్రొయేషియా, సెర్బియా లాంటివన్నీ కలిసి యుగొస్లావియా అనే ఒకే దేశంగా ఉన్న రోజుల్లో ఈ మూడింటినీ సెర్బో-క్రొయేషియన్ అనే ఒకే భాషగా లెక్కించేవారు. మాట్లాడేవాళ్ళు ఇరుగుపొరుగున ఉండేవారు, ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవారు, వియ్యమందుకునేవారు. 1981 జనగణనలో 12 లక్షల మందికి పైగా తాము ఫలానా జాతివాళ్ళమని రాయించుకోకుండా యుగొస్లావులమని రాయించుకున్నారు. పదకొండేళ్ళు తిరిగేసరికి, 1992 ఏప్రిల్‌లో, బోస్నియా రాజధాని సరయెవో ముట్టడి మొదలైంది. అది 1996 ఫిబ్రవరి దాకా సాగింది. ఇలాంటివి జరిగినప్పుడల్లా ఒక వివరణ సిద్ధంగా ఉంటుంది. వాళ్ళ పగలు వందల ఏళ్ళనాటివి, మూత తీయగానే పొంగాయి అంటారు. చెప్పడానికి తేలిక, వినడానికి ఇంకా తేలిక. పగ అంత పాతదైతే మధ్యలో ఆ పెళ్ళిళ్ళు ఎలా జరిగాయో మాత్రం ఈ వివరణ చెప్పదు.

మనుషుల మధ్య తేడాలు లేని సమాజం ఎక్కడా లేదు. భాష, మతం, రంగు, యాస, వంశం, వృత్తి, పుట్టిన ప్రాంతం, ఇలా ఒక్కొక్క మనిషి చుట్టూ పది గీతలు ఉంటాయి. ఎక్కువ కాలం అవి పలచగా, పట్టించుకోనంతగా ఉంటాయి. ఉద్యోగం, భూమి, బడి, చివరికి ప్రాణభయం అన్నీ వచ్చి ఆ పదింటిలో ఒకే గీత మీద ఎప్పుడు చేరాయి, ఎవరు చేర్చారు అన్నది అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నను పట్టుకోవడానికి తెలుగు చేతిలో మంచి పనిముట్టు ఉంది. ఇంగ్లిషు, ఫ్రెంచి, జర్మన్ లాంటి భాషల్లో తమ గుంపును చెప్పుకోవడానికి ఉన్నది ఒకే సర్వనామం. తెలుగులో రెండు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, అతన్ని అవతల నిలబెడితే మేము. ‘మేము వెళ్తున్నాం’ అంటే నువ్వు రావడం లేదని. ‘మనం వెళ్తున్నాం’ అంటే చెప్పులు వేసుకొమ్మని. వాళ్ళు అనే మాట పుట్టకముందే, ఎదురుగా ఉన్న మనిషి లోపలివాడా బయటివాడా అన్న నిర్ణయం సర్వనామంలోనే జరిగిపోతుంది. పైగా ఆ నిర్ణయం పూట పూటకూ మారవచ్చు.

ఘోషయాత్రకు వెళ్ళిన దుర్యోధనుణ్ణి గంధర్వులు కట్టి తీసుకుపోతుంటే, మాలో మాకు తగువు వచ్చినప్పుడు వాళ్ళు నూరుగురు, మేము అయిదుగురం, పరాయివాడు మీద పడితే నూట అయిదుగురం అన్నాడు ధర్మరాజు. ఐకమత్యానికి ఉదాహరణగా ఈ మాట చెబుతుంటారు. తర్వాత జరిగినదాన్ని మాత్రం దాని పక్కన పెట్టి చూడరు. గంధర్వులు వెళ్ళిపోయారు, రాజ్యభాగం ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది, నూట అయిదు తిరిగి అయిదూ నూరూ అయింది. మనుషులు మారలేదు. మారింది తగువు.

ఈ గీత ఎంత తేలికగా పడుతుందో ప్రయోగశాలలో చూపించినవాడు హెన్రీ తాజ్‌ఫెల్. అతని సొంత కథే ఈ విషయానికి పీఠిక. 1919లో పోలండ్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. ఫ్రాన్స్‌లో చదువుతుండగా యుద్ధం వచ్చింది. ఫ్రెంచి సైన్యంలో చేరి 1940లో జర్మన్లకు చిక్కాడు. ఫ్రెంచి యుద్ధఖైదీల లెక్కలో ఉండబట్టి బతికాడు. పోలండ్ యూదుడని బయటపడి ఉంటే అతని మంచిచెడ్డలతో, కాపలావాళ్ళతో అతనికున్న పరిచయంతో నిమిత్తం లేకుండా చంపేసేవారు. యుద్ధం ముగిసి బయటికి వచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగలలేదు. ఏ ఖానాలో పేరు రాశారన్న దాన్ని బట్టి ప్రాణం ఉండటమో పోవడమో జరగడం అతనికి పుస్తకజ్ఞానం కాదు.

తర్వాత ఇంగ్లండ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్తగా స్థిరపడి, 1970 ప్రాంతంలో బ్రిస్టల్‌లో పద్నాలుగు పదిహేనేళ్ళ బడి పిల్లలతో ప్రయోగాలు చేశాడు. తెర మీద చుక్కలు చూపించి ఎన్ని ఉన్నాయో అంచనా వేయమన్నారు. ఎక్కువ చెప్పేవాళ్ళు ఒక జట్టు, తక్కువ చెప్పేవాళ్ళు ఇంకో జట్టు అన్నారు. నిజానికి జట్లను ఇష్టం వచ్చినట్టు విడగొట్టారు. ఇంకోసారి చుక్కలకు బదులు క్లే, కాందిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు వాడారు. తమ జట్టులో ఎవరున్నారో పిల్లలకు తెలియదు. ఒకరితో ఒకరు మాట్లాడలేదు. పాత కక్షలు లేవు, గెలిచి సంపాదించేదీ లేదు. తెలిసిందల్లా తమ జట్టు పేరు, డబ్బు పంచవలసిన ఇద్దరి సంకేత సంఖ్యలు, వాళ్ళు ఏ జట్టువాళ్ళన్నది. పంచేవాడికి అందులో పైసా రాదు.

పంపకానికి ఇచ్చిన పట్టికల్లో ఒకదాన్ని దగ్గరగా చూడాలి. అందులో ఒక కొసన తన జట్టువాడికి 19, అవతలివాడికి 25. మధ్యలో ఇద్దరికీ 13. రెండో కొసన తనవాడికి 7, అవతలివాడికి 1. తనవాళ్ళ మేలే కావాలనుకుంటే 19 దగ్గర వేలు పెట్టాలి. న్యాయం కావాలంటే 13 దగ్గర. పిల్లల చేతులు ఈ రెంటినీ దాటి 7, 1 ఉన్న కొస వైపు జరిగాయి. తనవాడికి వచ్చేది తగ్గినా సరే, అవతలివాడికి అంతకంటే తక్కువ రావాలి. నాకు ఒక కన్ను పోయినా ఫరవాలేదు, పక్కవాడికి రెండూ పోవాలని కోరుకున్నవాడి కథ గుర్తొస్తే తప్పు లేదు. అయితే ఆ కథలో ఇద్దరూ పొరుగువాళ్ళు, వాళ్ళ మధ్య ఈర్ష్యకు ఏదో కారణం ఉంది. ఇక్కడ చుక్కల లెక్క తప్ప మరేమీ లేదు.

దీన్ని బట్టి మనిషి పుట్టుకతోనే ద్వేషి అని తీర్మానించేవాళ్ళున్నారు. అది తొందరపాటు. పంపకంలో పూర్తి న్యాయం పాటించిన పిల్లలూ ఉన్నారు, న్యాయం వైపు లాగుడు కూడా ఆ అంకెల్లోనే కనిపిస్తుంది. పైగా ఆ గదిలో పిల్లల చేతికి ఇచ్చిన ఒకే ఒక గుర్తింపు జట్టు పేరు. ఇంకే గీతా లేనిచోట ఉన్న ఒక్క గీతనే పట్టుకున్నారు. అంతకన్నా ఎక్కువ అర్థం దాన్నుంచి పిండకూడదు.

టర్కీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ముజఫర్ షెరీఫ్ 1954లో ఒక్లహోమా రాష్ట్రంలోని ఒక వేసవి శిబిరంలో 22 మంది పిల్లల్ని రెండు జట్లుగా విడదీసి పోటీలు పెట్టినప్పుడు వాళ్ళు జెండాలు తగలబెట్టుకునే దాకా వెళ్ళారు. తర్వాత సామాను తెచ్చే లారీ కదలనప్పుడు అందరూ కలిసి లాగవలసి వచ్చింది. అంతకుముందు ఒకరి మీద ఒకరు పంతంతో లాగిన తాడునే లారీకి కట్టి అందరూ ఒకవైపు నుంచి లాగారు. ఈ కథ అందరూ చెబుతారు. అంతకుముందు ఏడాది షెరీఫ్ చేసిన ప్రయత్నం దెబ్బతిన్న సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. 1953లో న్యూయార్క్ రాష్ట్రంలో పిల్లల్ని ముందు కొన్నాళ్ళు కలిపి ఉంచి, స్నేహాలు కుదిరాక విడదీశారు. ఎంత ఎగదోసినా వాళ్ళు కలబడలేదు. పెద్దవాళ్ళే ఏదో చేస్తున్నారని అనుమానించారు. చివరికి ప్రయోగాన్నే మానుకోవలసి వచ్చింది. గెలిచిన ప్రయోగం కంటే ఓడిన ప్రయోగమే ఎక్కువ నేర్పిన సందర్భాల్లో ఇదొకటి.

రంగు, జాతి లాంటివి కంటికి కనిపిస్తాయి కాబట్టి మెదడు వాటిని తప్పకుండా పట్టుకుంటుందని చాలాకాలం నమ్మారు. 2001లో అమెరికాలో రాబర్ట్ కుర్జ్‌బన్, జాన్ టూబీ, లీడా కాస్మిడీస్ ఈ నమ్మకాన్ని పరీక్షించారు. రెండు బాస్కెట్‌బాల్ జట్లవాళ్ళు వాదులాడుకుంటున్నట్టు ఫొటోలు, వాటి కింద మాటలు చూపించి, తర్వాత ఏ మాట ఎవరన్నారో చెప్పమన్నారు. అసలు ఆసక్తి తప్పుల మీద. జట్టును తెలిపే గుర్తు పైకి కనిపించనప్పుడు, నల్లవాడి మాటను ఇంకో నల్లవాడికి, తెల్లవాడి మాటను ఇంకో తెల్లవాడికి అంటగట్టడం ఎక్కువగా కనిపించింది. జట్టుకో రంగు చొక్కా తొడిగేసరికి పొరపాట్ల దారి మారిపోయింది. ఒక జట్టువాడి మాటను అదే జట్టులోని మరొకడికి అంటగట్టడం పెరిగింది, చర్మం రంగు వెనక్కి తగ్గింది. మనసు అడుగున వెతికేది ఎవరు ఎవరి పక్షమన్నది. పక్షాన్ని కనిపెట్టడానికి చర్మం రంగు పనికొస్తే దాన్ని వాడుకుంటుంది, చొక్కా పనికొస్తే చొక్కాను వాడుకుంటుంది.

విధేయత గురించి మాట్లాడేటప్పుడు దాన్ని జబ్బులా చూడటం ఒక అలవాటైపోయింది. తనవాళ్ళన్న భావం లేకపోతే పరాయి దేశంలో దిగిన కూలీకి మొదటి వారం తిండి పెట్టేవాడు ఉండడు, చీటీపాట నడవదు, వరదలో పడవ తెచ్చేవాడు ఉండడు. పద్నాలుగో శతాబ్దపు పండితుడు ఇబ్న్ ఖల్దూన్ ఈ బంధాన్ని అసబియ్య అన్నాడు. రాజ్యాలను నిలబెట్టేది అదేనని, నగరాల సుఖానికి అలవాటుపడ్డ తరాల్లో అది సడలినప్పుడే రాజ్యాలు కూలతాయని వాదించాడు. మెరిలిన్ బ్రూవర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తనవాళ్ళ మీద ప్రేమ వేరు, పరాయివాళ్ళ మీద ద్వేషం వేరు, మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది రాదని చెబుతూ వచ్చింది. ఆ మాట నిజమే. అయితే ఆ ప్రేమ కూడా నష్టం చేయగలదు. ఆఫీసులో ఖాళీ ఉందని తెలిసినవాడు మొదటి ఫోను తనవాళ్ళ అబ్బాయికి చేస్తాడు. అందులో ఎవరి మీదా ద్వేషం లేదు. ఆఫీసులో ముప్ఫై మందీ అదే పని చేస్తే, అవతలి వర్గపు పిల్లలకు ఖాళీ ఉందన్న కబురే చేరదు. వివక్షలో చాలా భాగం ఇలా నవ్వుతూ, ఉపకారం చేస్తూ జరిగిపోతుంది. చట్టానికి చిక్కకపోవడానికి కారణం కూడా అదే.

ఇక అసలు ప్రశ్న. పది గీతల్లో ఒకటే ఎందుకు రాజకీయమవుతుంది? దీనికి ఇప్పటిదాకా వచ్చిన జవాబుల్లో చక్కనిది ఆఫ్రికాలో ఒక సరిహద్దు దగ్గర దొరికింది. మలావీ, జాంబియా దేశాల మధ్య గీతను పందొమ్మిదో శతాబ్దం చివర బ్రిటిష్ పాలకులు తమ పరిపాలన సౌకర్యం కోసం గీశారు. ఆ గీత చేవా ప్రజల మధ్య నుంచీ, టుంబుకా ప్రజల మధ్య నుంచీ పోయింది. అటూ ఇటూ అవే భాషలు, అవే ఆచారాలు, అవే పంటలు. రాజకీయ శాస్త్రవేత్త డానియల్ పోస్నర్ సరిహద్దుకు ఇరువైపులా దగ్గర దగ్గరగా ఉన్న చేవా, టుంబుకా పల్లెల్లో ఒకే ప్రశ్నలు అడిగి, ఆ ఫలితాలను 2004లో ప్రచురించాడు. అవతలి వర్గంవాళ్ళతో పెళ్ళికి ఒప్పుకుంటారా? అవతలి వర్గం అభ్యర్థికి ఓటు వేస్తారా? మలావీ వైపున ‘ఒప్పుకోం’ అన్నవాళ్ళు జాంబియా వైపు కంటే చాలా ఎక్కువ. రెండు వర్గాల మధ్య తేడాలేమిటో చెప్పమంటే రెండు దేశాల్లోనూ ఒకే రకమైన జవాబులు వచ్చాయి. తేడాలు అందరికీ తెలుసు. వాటిని మనసుకు పట్టించుకున్నది ఒక వైపే.

పోస్నర్ ఇచ్చిన కారణం లెక్కల పుస్తకంలోది. మలావీ చిన్న దేశం. అక్కడ చేవాలు జనాభాలో సగానికి మించి ఉన్నారు, టుంబుకాలు 12 శాతం దాకా ఉన్నారు. జాతి పేరుతో ఓట్లు పోగుచేస్తే అధికారం అందేంత పెద్ద గుంపులు అవి. జాంబియా పెద్ద దేశం. అక్కడ చేవాలు 7 శాతం, టుంబుకాలు 4 శాతం. ఆ అంకెలతో ఏ నాయకుడూ గెలవలేడు. అందుకని అక్కడ ఇద్దరూ కలిసి ‘తూర్పువాళ్ళు’ అయ్యారు, దేశంలోని మిగతా ప్రాంతాలవాళ్ళతో బేరానికి ఒకే పక్షంగా దిగారు. మలావీలో దీనికి ప్రభుత్వం చేసిన పని కూడా తోడైంది. చేవా అయిన హేస్టింగ్స్ బండా అధ్యక్షుడిగా ఉండగా 1968లో చిచేవా జాతీయ భాష అయింది, టుంబుకా భాష రేడియో నుంచీ బడి నుంచీ పోయింది. 1994లో బహుళ పార్టీ ఎన్నికలు జరిగినప్పుడు ఉత్తరం, మధ్య ప్రాంతం, దక్షిణం తలా ఒక అభ్యర్థి వెనక నిలబడ్డాయి.

పాత పగల సిద్ధాంతానికి ఇంతకంటే గట్టి దెబ్బ మరొకటి లేదు. రక్తం అదే, చరిత్ర అదే. అధికారం గెలవడానికి ఎంత మంది కావాలో ఆ సంఖ్య మారితే, ఎవరు మనమో ఎవరు వాళ్ళో కూడా మారిపోయింది.

అయితే ఓట్ల లెక్క రాజకీయాన్ని వివరిస్తుంది, హత్యల్ని వివరించదు. ఓటు వేరుగా వేసే వర్గాలు లెక్కలేనన్ని ఉన్నా కత్తులు దూసుకునేవి బహు తక్కువ. ఈ మామూలు శాంతిని ఎవరూ వార్తగా రాయరు కాబట్టి గొడవే నియమంలా కనిపిస్తుంది. 1996లో జేమ్స్ ఫియరన్, డేవిడ్ లైటిన్ అనే రాజకీయ శాస్త్రవేత్తలు ప్రశ్నను తిరగేసి, ఇన్ని వర్గాలు ఇంత శాంతంగా ఎలా ఉంటున్నాయని అడిగారు. వాళ్ళ జవాబు ఎవరు ఎవర్ని ఎరుగుదురన్న దాని మీద ఆధారపడింది. సొంత గుంపులో ఒకడు బాకీ ఎగ్గొడితే వాడి పేరు తెలుసు, తండ్రి పేరు తెలుసు, ఎవరి చేత చెప్పిస్తే దారికొస్తాడో తెలుసు. కోపం వాడి దగ్గరే ఆగుతుంది. అవతలి గుంపువాడు ఎగ్గొడితే చేతిలో ఉన్న సమాచారం గుంపు పేరు ఒక్కటే. కోపం దాని మీద పడుతుంది. ‘వాళ్ళంతా అంతే’ అనే వాక్యం పుట్టేది ఇలాంటి సమాచార లేమిలో.

అక్కణ్ణుంచి రెండు దారులున్నాయి. ఒకటి అందరికీ తెలిసినదే. ఒకడు చేసినదానికి ఎవరో ఒకరి మీద బదులు, దానికి మళ్ళీ బదులు. రెండో దారిలో తప్పు చేసినవాణ్ణి వాడి గుంపే పట్టుకుని దండిస్తుంది, అవతలివాళ్ళు అది జరుగుతుందని నమ్మి చేతులు కట్టుకుని కూర్చుంటారు. మా వాడే, మేం చూసుకుంటాం అనే మాటకు అంత విలువ ఉంది. వినడానికి పాతకాలపు కులపెద్దల తీర్పులా ఉంటుంది, దాని చెడుగులు దానికున్నాయి. గుంపు పెద్దల చేతికి ఆ గుంపులోని బలహీనుల్ని అప్పగించడం కూడా దాని ఖరీదులో భాగమే. కానీ పోలీసు వ్యవస్థ బలహీనంగా ఉన్నచోట్ల శాంతిని మోస్తున్నది చాలావరకు ఇదే.

రెండో దారిని మూసేయాలనుకునేవాళ్ళు ముందుగా సొంత గుంపులోని మధ్యవర్తుల్ని తొలగిస్తారు. రువాండాలో ఇది భయంకరంగా కనిపించింది. అక్కడి రెండు పెద్ద వర్గాలు హుటూలు, టుట్సీలు మాట్లాడేది ఒకే కిన్యరువాండా భాష. ఉన్నది ఒకే కొండల మీద. బెల్జియం పాలకులు 1933 ప్రాంతంలో జాతి పేరు రాసిన గుర్తింపు కార్డులు ఇచ్చేసరికి, అంతకుముందు కొంత అటూ ఇటూగా ఉండిన భేదం తండ్రి నుంచి కొడుక్కు దిగే ముద్ర అయింది. 1993లో ఒక రేడియో కేంద్రం మొదలై టుట్సీలను బొద్దింకలని పిలవసాగింది. 1994 ఏప్రిల్‌లో హుటూ తీవ్రవాదులు టుట్సీల మారణకాండ మొదలుపెట్టిన మొదటి రోజే చంపినవాళ్ళలో దేశ ప్రధాని అగత్ ఉవిలింగియిమానా ఉంది. ఆమె టుట్సీ కాదు, హుటూ. రాజీకి సిద్ధపడిన హుటూ. సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది చనిపోయారు. రోడ్ల మీద అడ్డుకట్టల దగ్గర మనిషి చావుబతుకుల్ని నిర్ణయించింది అరవయ్యేళ్ళ కిందట ఒక ఆఫీసులో పుట్టిన కార్డు. తర్వాత వచ్చిన ప్రభుత్వం కార్డుల నుంచి జాతి పేరు తీసేసింది.

గీతను చెరపడానికి జరిగిన ప్రయత్నాల్లో అందరికీ నచ్చేది కలిసిమెలిసి ఉండమనడం. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి షరతులు పెట్టాడు. హోదా సమానంగా ఉండాలి, లక్ష్యం ఉమ్మడిగా ఉండాలి, సహకారం కావాలి, పైనున్నవాళ్ళ మద్దతు కావాలి. యజమానీ పనిమనిషీ రోజూ కలుస్తారు, ఆ కలయిక వల్ల గీత పలచబడదు. ఆ తర్వాత వందల కొద్దీ పరిశీలనలు పరిచయం అపనమ్మకాన్ని తగ్గిస్తుందని తేల్చాయి. అయితే ఎంత దూరం? 2020లో సల్మా మూసా అనే రాజకీయ శాస్త్రవేత్త ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నకు నిక్కచ్చిగా జవాబిచ్చింది. ఉత్తర ఇరాక్‌లో ఐసిస్ దాడులకు చెల్లాచెదురైన క్రైస్తవుల ఫుట్‌బాల్ జట్లలో కొన్నింటికి ముస్లిం ఆటగాళ్ళను కలిపారు, కొన్నింటిని పూర్తిగా క్రైస్తవులతోనే ఉంచారు. కలిసి ఆడిన క్రైస్తవులు తర్వాతి పోటీలకూ మిశ్రమ జట్లకే పేరు ఇచ్చారు, ఆరు నెలల తర్వాత కూడా ముస్లింలతో కలిసి సాధన చేశారు. మైదానం దాటి, ముస్లింలు ఎక్కువగా ఉన్న మోసుల్ నగరంలో హోటల్‌కు వెళ్ళడానికి మాత్రం వాళ్ళు మిగతావాళ్ళ కంటే ఎక్కువ ముందుకు రాలేదు. నా జట్టులో ఆడే అతను మనం అయ్యాడు. అతని ఊరు ఇంకా వాళ్ళే.

ఇది తక్కువ ఫలితమని కొట్టిపారేయనక్కర్లేదు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు కొన్ని వారాల ఆటతో ఆపాటి దూరం నడవడం చిన్న సంగతి కాదు. ఆట ఒక్కటే ఊరి భయాన్ని తీరుస్తుందని ఆశించినవాళ్ళది తప్పు.

సింగపూర్ పలకరింపులకు వదిలేయకుండా ఇళ్ళ దగ్గరే పట్టుకుంది. 1964లో అక్కడ మలయ్, చైనీస్ జనం మధ్య అల్లర్లు జరిగాయి. 1989 నుంచి ప్రభుత్వ ఫ్లాట్లలో ఒక్కో భవనంలో ఏ జాతివాళ్ళు ఎంత శాతం మించకూడదో పరిమితి ఉంది. జనాభాలో అత్యధికులు ఉండేది ఆ ఫ్లాట్లలోనే కాబట్టి జాతివాడలు ఏర్పడలేదు. దీనికి ఖరీదు కట్టేది ఎక్కువగా చిన్న వర్గాలవాళ్ళు. పెద్ద వర్గం పరిమితి నిండిన భవనంలో చిన్న వర్గంవాడు ఇల్లు అమ్మాలంటే ఆ పెద్ద వర్గంవాడికి అమ్మకూడదు, కొనేవాళ్ళు తక్కువ, ధర దిగుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, కలిపి ఉంచే ఈ పద్ధతి నడవాలంటే ప్రతి పౌరుడి జాతీ ప్రభుత్వ లెక్కల్లో రాసి ఉండాలి. గీతను పలచన చేయడానికి ముందు దాన్ని దిద్దాలి.

స్విట్జర్లాండ్ వేరే రకం. నాలుగు భాషల దేశం శాంతంగా ఉండటానికి అక్కడివాళ్ళ స్వభావమే కారణమనుకుంటే 1847లో వాళ్ళు అంతర్యుద్ధం చేసుకున్న సంగతి మరిచినట్టు. అది నెల తిరగకముందే, చాలా తక్కువ మరణాలతో ముగిసింది. 1848లో కొత్త రాజ్యాంగం వచ్చింది. అక్కడ అదృష్టం గీతలు ఒకదాన్నొకటి కోసుకోవడంలో ఉంది. జర్మన్ మాట్లాడేవాళ్ళలో కాథలిక్కులూ ప్రొటెస్టంట్లూ ఉన్నారు. ఫ్రెంచి మాట్లాడేవాళ్ళలోనూ ఉన్నారు. భాష విషయంలో ఎదురుపడ్డవాడు మతం విషయంలో పక్కన నిలబడతాడు. మినహాయింపు చూస్తే సూత్రం ఇంకా బాగా కనిపిస్తుంది. జర్మన్ మాట్లాడే ప్రొటెస్టంట్లు ఎక్కువగా ఉన్న బెర్న్ రాష్ట్రంలో జూరా ప్రాంతం ఫ్రెంచిది. ఉత్తర జూరాలో జనం ఫ్రెంచివాళ్ళే కాక కాథలిక్కులు కూడా. అక్కడ రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దశాబ్దాల ఆందోళన తర్వాత 1979లో ఉత్తర జూరా విడిపోయి కొత్త రాష్ట్రమైంది. అదే ఫ్రెంచి మాట్లాడే దక్షిణ జూరా ప్రొటెస్టంట్లు బెర్న్‌తోనే ఉండిపోయారు.

గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డచోట, రక్తం చిందిన తర్వాత, అధికారాన్ని వాటాలు వేయడం తప్ప గత్యంతరం ఉండదు. లెబనాన్‌లో 1943 ఒప్పందం ప్రకారం అధ్యక్షుడు మారొనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, సభాపతి షియా. వాటాల ఆధారం జనాభా కాబట్టి జనాభాను మళ్ళీ లెక్కించడమే ప్రమాదమైంది. అక్కడ చివరి జనగణన జరిగింది 1932లో. విడదీయడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో తెలియదనడానికి బెల్జియం సాక్ష్యం. 1968లో డచ్, ఫ్రెంచి భాషలవాళ్ళ మధ్య గొడవల తర్వాత లువెన్ విశ్వవిద్యాలయం రెండయినప్పుడు గ్రంథాలయంలోని పుస్తకాలను సరి సంఖ్యలవి ఒకరు, బేసి సంఖ్యలవి ఒకరు పంచుకున్నారు.

బోస్నియాలో కాల్పులు ఆగింది కూడా వాటాల వల్లే. 1995 డేటన్ ఒప్పందం యుద్ధాన్ని ముగించింది, ఆ ఘనతను ఎవరూ కాదనలేరు. దానిలో భాగంగా వచ్చిన రాజ్యాంగం ప్రకారం అధ్యక్ష పీఠం మీద ముగ్గురుంటారు: ఒక బోస్నియాక్ (అంటే బోస్నియా ముస్లిం), ఒక క్రొయేషియన్, ఒక సెర్బ్. మూడు ఖానాల్లోనూ ఇమడని పౌరులకు రాజ్యాంగంలో ఉన్న పేరు ‘ఇతరులు’. బోస్నియా యూదు సమాజానికి పెద్ద అయిన యాకోబ్ ఫిన్సీ, తాను అధ్యక్ష పదవికి పోటీ చేయవచ్చునా అని అడిగితే, యూదుడు కాబట్టి వీలులేదని 2007లో ఎన్నికల సంఘం లేఖ రాసింది. ఫిన్సీ, రోమా (జిప్సీలని పిలిచే) వర్గానికి చెందిన డెర్వో సెయ్‌డిచ్ యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళి 2009 డిసెంబరు 22న గెలిచారు. పదేళ్ళు దాటినా నిబంధన మారలేదు. మార్చాలంటే మూడు పక్షాలూ ఒప్పుకోవాలి, ఆ మూడు పక్షాలూ నిలబడ్డది ఆ నిబంధన మీదే. తీర్పు వెలువడిన రోజుకు ఫిన్సీ స్విట్జర్లాండ్‌లో బోస్నియా రాయబారి. దేశం మొత్తం తరఫున బయట మాట్లాడుతున్న మనిషి, ఆ దేశంలో పోటీకి నామినేషన్ వేయడానికి మాత్రం అర్హుడు కాడు.